జ్వరం నూట రెండు, ఎండ నలభై రెండు

పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలి జవాబులు

మార్చి దాటిందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం డిగ్రీల గురించే ఉంటాయి. ఈసారి వాటన్నిటినీ ఒక్కచోట చేర్చి జవాబు రాస్తున్నాను. జూనియర్ కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పాను. మన తెలుగిళ్లలో రెండు కొలమానాలు పక్కపక్కనే కాపురం చేస్తున్నాయని ఆ రోజుల్లోనే గమనించాను. "ఎండ నలభై రెండు" అంటే సెల్సియస్. "జ్వరం నూట రెండు" అంటే ఫారన్‌హీట్. ఏ అంకె ఏ కొలమానానిదో ఎవరూ విడిగా చెప్పరు, అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు అలా అనుకోవడం వల్ల వచ్చిన చిక్కులే.

*

మా బాబుకు నాలుగేళ్లు. ఒళ్లు కాలిపోతోందని కొత్తగా కొన్న డిజిటల్ థర్మామీటరు పెడితే 38.6 చూపించింది. "తొంభై ఎనిమిది ఉండాల్సిన చోట ముప్పై ఎనిమిది ఏమిటి, ఇది పాడైపోయింది" అన్నారు మా అత్తగారు. దుకాణానికి తీసుకెళ్తే బాగానే పనిచేస్తోందన్నారు. ఎవరి మాట నిజం? – ఒక గృహిణి, తెనాలి

అమ్మా, ముందు బాబు సంగతి. 38.6 సెల్సియస్ అంటే మనం ఇళ్లలో చెప్పుకునే లెక్కలో దాదాపు నూట ఒకటిన్నర. అది జ్వరమే. మీ ఉత్తరం నాకు చేరేసరికి తగ్గిపోయే ఉంటుందని నమ్ముతున్నాను. మళ్లీ ఆ అంకె కనిపిస్తే మాత్రం థర్మామీటరును అనుమానించకండి, పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

మీ అత్తగారు అన్నదీ తప్పు కాదు. ఆవిడ చెప్పిన తొంభై ఎనిమిది ఫారన్‌హీట్‌లో అంకె, మీ థర్మామీటరు చూపించింది సెల్సియస్‌లో అంకె. తెర మీద పెద్ద అంకెల పక్కన, మూలకు నక్కినట్టు ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది "సి" అయితే సెల్సియస్, "ఎఫ్" అయితే ఫారన్‌హీట్. చాలా థర్మామీటర్లలో మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిపోతుంది. మనం కావాలని నొక్కకపోయినా పిల్లల చేతిలో పడితే మారవచ్చు.

ఇప్పుడు లెక్క. 9తో గుణించి 5తో భాగించి 32 కలపాలని పుస్తకాల్లో ఉంటుంది. అర్ధరాత్రి పక్కన పిల్లవాడు మూలుగుతుంటే అయిదుతో భాగించడం ఎవరికైనా కష్టమే. నేను నా విద్యార్థులకు చెప్పిన పద్ధతి ఇది. సెల్సియస్ అంకెను రెట్టింపు చేయండి. వచ్చిన దానిలో పదో వంతు తీసేయండి. మిగిలినదానికి 32 కలపండి. మీ 38.6నే చూద్దాం. రెట్టింపు 77.2. అందులో పదో వంతు 7.7, అది తీసేస్తే 69.5. దానికి 32 కలిపితే 101.5. ఇది ఉజ్జాయింపు పద్ధతి కాదు, పుస్తకంలో ఉన్న సూత్రమే. రెండు రెట్లలోంచి పదో వంతు తీసేస్తే మిగిలేది ఒకటీ ఎనిమిది పదో వంతుల రెట్లు, తొమ్మిదిని అయిదుతో భాగిస్తే వచ్చేదీ అదే.

అంత లెక్క కూడా వద్దనుకుంటే నాలుగు జతలు ఒక కాగితం మీద రాసి మందుల డబ్బా మూతకు అంటించండి: 37కు 98.6, 38కి 100.4, 39కి 102.2, 40కి 104. జ్వరానికి దాదాపు ఇవి చాలు. సాధారణంగా వైద్యులు జ్వరం అని లెక్కలోకి తీసుకునేది 38 సెల్సియస్ నుంచి, అంటే 100.4 ఫారన్‌హీట్ నుంచి.

ఈ విషయం ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా చెల్లెలి మనవడికి ఒంట్లో బాగాలేక రాత్రి థర్మామీటరు పెట్టారు. 39.2 చూపించింది. ఇంట్లో ఉన్న పెద్దలు నూరు దాటలేదు కదా అని ఊరుకున్నారు. తెల్లవారుజామున పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి క్షేమంగా ఇంటికి వచ్చాడు. ఆ రాత్రే వైద్యుడికి చూపించి ఉంటే ఫిట్స్ వచ్చేవి కావని నేను అనను, అది వైద్యులు చెప్పాల్సిన మాట. కానీ 39.2 అంటే నూట రెండున్నర జ్వరం. ఆ మాట ఆ ఇంట్లో ఒక్కరికి తెలిసినా వాళ్లు తెల్లవారేదాకా ఆగి ఉండేవారు కాదు. ఆ రోజు నుంచి మా బంధువుల ఇళ్లకు ఎక్కడికి వెళ్లినా ముందు థర్మామీటరు తెప్పించి, ఆ మూలనున్న అక్షరాన్ని చూపించి వస్తున్నాను.

*

మా శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో ఆరోగ్యవంతుల ఉష్ణోగ్రత 98.6 అని ఉంది. ఇంట్లో ఉన్న పాత గాజు థర్మామీటరు మీద గుర్తు 98.4 దగ్గర ఉంది. వార్డులో 37 అంటారు. పరీక్షలో ఏది రాయాలి? – నర్సింగ్ విద్యార్థిని, వరంగల్

పరీక్షలో మీ పుస్తకంలో ఉన్న 37 సెల్సియస్, 98.6 ఫారన్‌హీట్ రాయండి. వార్డులో మాత్రం ఆ దశాంశానికి అంత విలువ ఇవ్వకండి. ఎందుకో చెబుతాను.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్‌లిచ్ అనే వైద్యుడు ఉండేవారు. దాదాపు పాతిక వేల మంది రోగులకు చంకలో థర్మామీటరు పెట్టి చూసిన కొలతలను క్రోడీకరించి 1868లో పుస్తకం వేశారు. ఆయన తేల్చిన సగటు 37 సెల్సియస్. అది గుండ్రంగా చెప్పిన అంకె. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మార్చినప్పుడు 98.6 వచ్చింది. మార్పిడి వల్ల పుట్టుకొచ్చిన ఆ ".6" చూసి, ఎవరో పదో వంతు దాకా కొలిచి చెప్పిన సంగతి అనుకుంటాం. 1992లో అమెరికా పరిశోధకులు ఆరోగ్యవంతుల మీద మళ్లీ కొలిచి చూస్తే సగటు 36.8 సెల్సియస్, అంటే 98.2 ఫారన్‌హీట్ వచ్చింది. బ్రిటిష్ వాళ్ల ఆనవాయితీలో చాలాకాలం 98.4 అన్నారు. మీ పాత థర్మామీటరు మీద గుర్తు అక్కడిదే. అది సెల్సియస్‌లో 36.9. ఇవన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న అంకెలే. పైగా ఒకే మనిషికి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాయే సుమారు అర డిగ్రీ సెల్సియస్ దాకా ఉండవచ్చు. చంకలో చూస్తే నోట్లో కన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే అంకెతో పాటు ఎక్కడ పెట్టారో, ఎన్ని గంటలకు పెట్టారో చార్టులో రాయమంటారు.

ఆ గాజు థర్మామీటరు ఇంకా మీ దగ్గర ఉంటే పారేయకండి, పగలనివ్వకండి కూడా. పాదరసం ప్రమాదకరం. వెలుతురు వైపు తిరిగి దాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పి చూడండి. ఒక్క కోణంలో మాత్రమే సన్నని పాదరసం వెడల్పాటి వెండి గీతలా మెరుస్తుంది. గాజును భూతద్దంలా పనిచేసేట్టు మలిచారు. అంకెకూ అంకెకూ మధ్య అయిదు చిన్న గళ్లుంటాయి, ఒక్కొక్కటి 0.2 డిగ్రీ. 98 దాటాక రెండో చిన్న గీత మీదే ఆ 98.4. బల్బుకు కాస్త పైన గొట్టంలో ఒక నొక్కు ఉంటుంది. నోట్లోంచి తీశాక పాదరసం చల్లబడి కుంచించుకుంటే గీత ఆ నొక్కు దగ్గర తెగిపోతుంది. పైనున్నది ఉన్నచోటే నిలిచిపోతుంది. విదిలిస్తే తప్ప కిందికి దిగదు. మా కాలంలో మణికట్టుతో ఆ విదిలింపు నేర్చుకోవడమే ఒక పాఠం.

*

న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలుండి వచ్చాను. అక్కడి వైద్యుడు రాసిన కంటి చుక్కల మందు మూడు సీసాలు తెచ్చుకున్నాను. వాడేదాకా సీసాలను "ముప్పై ఆరుకూ నలభై ఆరుకూ మధ్య ఉంచమన్నారు నాన్నా" అని అబ్బాయి ఫోనులో చెప్పాడు. మా ఊళ్లో ఇప్పుడు ముప్పై ఎనిమిది. సరిపోతుందని అలమరలో పెట్టాను. ఈ వేసవి గడిచాక చలికాలంలో ఎలా? – ఒక విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

అయ్యా, చలికాలం దాకా ఆగే పని లేదు. ఈ జవాబు చదివిన వెంటనే ఆ సీసాలను మందుల దుకాణానికి తీసుకెళ్లి, ఇన్నాళ్లు బయట ఉన్నాయని చెప్పి, పనికివస్తాయో లేదో కనుక్కోండి. వాళ్లు చెప్పేదాకా కంట్లో వేసుకోకండి.

మీ అబ్బాయి చెప్పినవి ఫారన్‌హీట్ డిగ్రీలు. అమెరికాలో ఎండకూ, జ్వరానికీ, ఫ్రిజ్‌కూ, పొయ్యికీ అన్నిటికీ ఫారన్‌హీటే. అక్కడే ఉంటున్న మనిషికి ఆ మాట విడిగా చెప్పాలని తోచదు. 36 ఫారన్‌హీట్ అంటే 2 సెల్సియస్ పైచిలుకు, 46 అంటే 8కి కాస్త తక్కువ. అంటే ఫ్రిజ్‌లో మామూలు అరల్లో ఉండే చల్లదనం. మీ అలమరలో ఉన్న 38 సెల్సియస్ వాళ్ల లెక్కలో 100.4. మందు ఉండాల్సింది 46 లోపల, ఉన్నది నూరు పైన.

ఫారన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు రావడానికి నేను చేసే లెక్క చెబుతాను, మీరు మనవలకు కూడా నేర్పవచ్చు. ముందు 32 తీసేయండి. మిగిలినదాన్ని సగం చేయండి. ఆ సగానికి దానిలో పదో వంతు కలపండి, ఇంకా కచ్చితంగా కావాలంటే నూరో వంతు కూడా కలపండి. 46లోంచి 32 పోతే 14. సగం 7. పదో వంతు 0.7 కలిపితే 7.7, నూరో వంతు కూడా కలిపితే 7.77. ఎంతదాకా కలుపుకుంటూ పోతే అంత నిజానికి దగ్గరవుతాం. 98.6తో చేసి చూడండి. 66.6, సగం 33.3, దానికి 3.33, ఆపైన 0.333, ఇలా కలుపుతూ పోతే మూడు అంకెల వరుస అంచెలంచెలుగా పేరుకుని 37 దగ్గర ఆగుతుంది. తరగతిలో నల్లబల్ల మీద ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉండేది.

ఇన్సులిన్ వాడేవారికీ ఇదే మాట. తెరవని ఇన్సులిన్ ఉంచాల్సింది 2 నుంచి 8 సెల్సియస్ మధ్య. దాన్నే అమెరికా డబ్బా మీద 36 నుంచి 46 ఫారన్‌హీట్ అని వేస్తారు. గడ్డకట్టే అరలో పెడితే కూడా పాడవుతుంది, కాబట్టి మామూలు అరలోనే ఉంచాలి. విదేశాల నుంచి పిల్లలు ఫోనులో చెప్పే ఏ అంకెనైనా "సియా, ఎఫ్ఫా?" అని అడిగి రాసుకోండి.

*

నీళ్లు గడ్డకట్టేచోట ఫారన్‌హీట్‌లో 32 ఎందుకు పెట్టారు? సున్నా పెడితే లెక్కలు సులువు కదా. 9/5 ఎక్కడి నుంచి వచ్చింది? మా సార్‌ను అడిగితే సూత్రం కంఠస్థం చేయమన్నారు. – తొమ్మిదో తరగతి విద్యార్థిని, కరీంనగర్

తల్లీ, నువ్వు అడిగినది చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు సూత్రంలో లేదు, ఒక పనివాడి చేతిలో ఉంది.

డేనియల్ గాబ్రియల్ ఫారన్‌హీట్ 1686లో డాన్‌జిగ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు గ్దాన్‌స్క్. ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడి గాజు పరికరాలు తయారుచేసి బతికాడు. అప్పట్లో ఏ ఇద్దరు చేసిన థర్మామీటర్లూ ఒకే అంకె చూపించేవి కావు. ఒకేలా చూపించేవి చేయాలన్నది ఆయన పట్టుదల. కోపెన్‌హాగెన్‌లో ఓలే రోమర్ అనే ఖగోళ శాస్త్రవేత్త వాడే కొలమానాన్ని 1708లో వెళ్లి చూశాడు. అందులో మంచు ఏడున్నర దగ్గర, ఒంటి వేడి ఇరవై రెండున్నర దగ్గర ఉండేవి. ఆ అరలు వదిలించుకోవడానికి ఫారన్‌హీట్ అన్నిటినీ నాలుగు రెట్లు చేశాడు. అప్పుడు మంచుకు 30, ఒంటికి 90 వచ్చాయి. ఆ తర్వాత వాటిని 32కూ 96కూ జరిపాడు. ఇక్కడ ఆగి 96లోంచి 32 తీసి చూడు. 64. దాన్ని సగం చేస్తే 32, మళ్లీ సగం 16, తర్వాత 8, 4, 2, 1. గాజు గొట్టం మీద రెండు గీతలు గీసి, ఆ మధ్య దూరాన్ని వరసగా ఆరుసార్లు సగం చేసుకుంటూ పోతే ప్రతి డిగ్రీకీ గీత పడుతుంది. చేత్తో గీతలు గీసే మనిషికి సగం చేయడం కన్నా సులువైన పని లేదు. 32 వెనక ఉన్న సౌకర్యం అదీ.

మరి సున్నా ఎక్కడ? మంచు, నీళ్లు, నవాసారం కలిపితే మామూలు మంచు కన్నా చాలా చల్లబడుతుంది. నవాసారం అంటే ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు వాడే తెల్లని ఉప్పులాంటి పదార్థం. ఆ మిశ్రమం చల్లదనాన్ని ఆయన సున్నాగా పెట్టుకున్నాడు. 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ సంగతులన్నీ ప్రకటించాడు. తర్వాతి కాలంలో నీళ్లు మరిగే బిందువును కచ్చితంగా 212 అని స్థిరపరిచారు. దానివల్ల డిగ్రీ పరిమాణం కొద్దిగా మారి, ఒంటి వేడి 96 నుంచి 98 పైకి జరిగింది.

సెల్సియస్ కథలో నీకు నచ్చే విషయం ఒకటుంది. స్వీడన్‌లో ఉప్సాలా నగరవాసి ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలమానం చెప్పినప్పుడు మరిగే నీటికి సున్నా, మంచుకు నూరు పెట్టాడు. అంటే తలకిందులుగా! ఆయన 1744లో చనిపోయాడు. ఆ కొన్నేళ్లలోనే దాన్ని తిరగవేశారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాన్ పియర్ క్రిస్టిన్ 1743లోనే మంచుకు సున్నా పెట్టి థర్మామీటరు చేయించాడు. "నూరు మెట్లు" అనే అర్థంలో సెంటీగ్రేడ్ అనేవారు. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల సమావేశం సెల్సియస్ పేరు ఖాయం చేసింది. కాబట్టి నువ్వు పరీక్షలో సెల్సియస్ అనే రాయి.

ఇక 9/5. మంచు నుంచి మరిగే నీటి దాకా ఉన్న ఒకే మేడను సెల్సియస్ నూరు మెట్లుగా కట్టాడు. ఫారన్‌హీట్ వైపు అదే మేడకు 212లోంచి 32 పోగా 180 మెట్లు. నూరుకు నూట ఎనభై అంటే అయిదుకు తొమ్మిది. అటు అయిదు మెట్లు ఎక్కితే ఇటు తొమ్మిది మెట్లు ఎక్కినట్టు. కాగితం మీద రెండు వరుసలు రాసుకో. ఎడమవైపు 0, 5, 10, 15, 20, 25, 30, 35, 40, 45. కుడివైపు 32తో మొదలుపెట్టి తొమ్మిదేసి కలుపుతూ 41, 50, 59, 68, 77, 86, 95, 104, 113. కంఠస్థం చేయక్కరలేదు, రెండుసార్లు రాస్తే గుర్తుండిపోతుంది. ఇంకో చిన్న సరదా కూడా: 16 సెల్సియస్ దాదాపు 61 ఫారన్‌హీట్, 28 సెల్సియస్ దాదాపు 82. అంకెలు తిరగేస్తే చాలు.

*

రెండు కొలమానాల్లోనూ ఒకే అంకె వచ్చే ఉష్ణోగ్రత ఉందా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

ఉంది. సున్నాకు దిగువన 40. అక్కడ సి అన్నా ఎఫ్ అన్నా ఒకటే. దీనివల్ల ఒక ఉపయోగం కూడా ఉంది. ఏ అంకెకైనా ముందు 40 కలపండి, ఫారన్‌హీట్‌లోకి మార్చాలంటే 9/5తో, సెల్సియస్‌లోకి మార్చాలంటే 5/9తో గుణించండి, చివర 40 తీసేయండి. ఎటు నుంచి ఎటు మార్చినా కలిపేదీ తీసేదీ మారవు.

*

మేము వేసిన ఎండల వార్తలో "సాధారణం కన్నా 4.5 డిగ్రీల సెల్సియస్, అంటే 40.1 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువ" అని వచ్చింది. తప్పని ఒక పాఠకుడు ఫోను చేశారు. కంప్యూటరులో వేసి చూసుకునే రాశాం. తప్పెక్కడ? – ఒక ఉపసంపాదకుడు, విజయవాడ

మీకు ఫోను చేసిన పాఠకుడిది సరైన మాట. మీరు రాయాల్సింది 8.1 డిగ్రీలు.

కంప్యూటరు అబద్ధం చెప్పలేదు. 4.5 సెల్సియస్ ఉన్న గదిలో ఫారన్‌హీట్ థర్మామీటరు పెడితే అది 40.1 చూపిస్తుంది. మీరు అడిగిందీ అదే. కానీ మీ వార్తలో ఉన్న 4.5 ఏ గది ఉష్ణోగ్రతా కాదు, రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా. 32 అనేది మొదలుపెట్టే చోట్ల మధ్య ఉన్న ఎడం. తేడా తీసినప్పుడు అది రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది.

మన పంచాంగంతో చెబితే వెంటనే అందుతుంది. క్రీస్తు శకం 1947 ఆగస్టు శాలివాహన శకంలో 1869. 2022 ఆగస్టు శాలివాహన శకంలో 1944. సంవత్సరం అంకె మార్చేటప్పుడు 78 తీసేస్తాం. స్వాతంత్ర్యం వచ్చి డెబ్భై అయిదేళ్లయింది అన్నప్పుడు మాత్రం ఆ డెబ్భై అయిదులోంచి 78 తీసేయం కదా. ఏ శకంలో లెక్కపెట్టినా అవి డెబ్భై అయిదే. ఉష్ణోగ్రతలో అదనంగా డిగ్రీ పరిమాణం కూడా వేరు, గజాలను అడుగుల్లో చెప్పినట్టు. అందుకని తేడాను 1.8తో గుణిస్తే సరిపోతుంది, 32 జోలికి వెళ్లకూడదు.

ఒకే వార్తలో రెండు రకాలూ పక్కపక్కనే వస్తాయి, పొరపాటు జరిగేది అక్కడే. వాతావరణ శాఖ ప్రమాణమే చూడండి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, సాధారణం కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీల దాకా పెరిగితే వడగాలి అంటారు. 6.4 దాటితే తీవ్ర వడగాలి. సాధారణంతో పని లేకుండా 45కు చేరినా వడగాలే, 47కు చేరితే తీవ్రం. ఇందులో 40, 45, 47 థర్మామీటరు మీద కనిపించే అంకెలు. వాటిని 104, 113, 116.6 అని మార్చాలి. 4.5, 6.4 తేడాలు. వాటిని 8.1, 11.5 అని మార్చాలి. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ గురించి రాసేటప్పుడు, "ఉంది" అన్న మాటతో వచ్చిన అంకె ఏది, "పెరిగింది, ఎక్కువ, తగ్గింది" అన్న మాటలతో వచ్చిన అంకె ఏది అని ఒక్కసారి చూసుకోండి. మొదటి దానికి 32 ఉంటుంది, రెండో దానికి ఉండదు. 2015 పారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీలు కూడా ఈ రెండో రకమే. ఫారన్‌హీట్‌లో అది 2.7. అదే 34.7 అని అచ్చయితే భూగోళం ఏమైపోతుందో ఊహించండి!

ఇంకో మాట కూడా మనవి చేయాలి. "నిన్నటి కన్నా రెట్టింపు చలి", "రెట్టింపు వేడి" అని శీర్షికలు పెట్టకండి. ఒక రోజు 10 సెల్సియస్, మరో రోజు 20 అయితే రెట్టింపు అనిపిస్తుంది. అవే రోజులు ఫారన్‌హీట్‌లో 50, 68. కొలమానం మార్చగానే మాయమైపోయే రెట్టింపు వాతావరణంలో లేదు, అంకెలో మాత్రమే ఉంది.

తెల్లవారేలోగా పేజీ పూర్తి చేయాల్సిన ఒత్తిడి మీకు ఉంటుందని తెలుసు. అయినా సవరణ వేయండి. ఆ వార్త చదివి నోటుపుస్తకంలో రాసుకున్న పిల్లలు ఉంటారు.

*

సంక్రాంతికి అరిసెలు చేయబోతే రెండుసార్లూ పాకం చెడింది. "ఉండ పాకం రాగానే దించు" అంటుంది అమ్మ. నాకు ఆ గుర్తు తెలియడం లేదు. పాకంలో పెట్టే థర్మామీటరు కొన్నాను, అందులో అంకెలన్నీ ఎఫ్‌లో ఉన్నాయి. ఎంత దగ్గర దించాలి? డెన్వర్‌లో ఉన్న మా అక్క కూడా అడుగుతోంది. – ఒక పాఠకురాలు, డాలస్

అమ్మాయీ, మంచి పని చేశావు. పాకానికీ థర్మామీటరుకూ చుట్టరికం ఉంది. నీళ్లు మామూలుగా 212 ఫారన్‌హీట్ దగ్గర మరుగుతాయి. అందులో తీపి ఉంటే అంతకన్నా ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. మరుగుతున్నకొద్దీ నీరు ఆవిరై, పాకం చిక్కబడి, ఉష్ణోగ్రత పైకి పాకుతుంది. అంటే ఆ అంకె నీకు చెప్పేది పాకంలో ఇంకా ఎంత నీరు మిగిలి ఉందన్న సంగతే. మీ అమ్మగారు వేళ్ల మధ్య చూసేదీ అదే.

చక్కెర పాకం మెత్తని ఉండకు వచ్చేది 235 నుంచి 240 మధ్య. 240లోంచి 32 పోతే 208, సగం 104, పదో వంతు 10.4, నూరో వంతు 1, మొత్తం 115 సెల్సియస్ పైచిలుకు. బెల్లం ఒక ఊరిది ఒకలా ఉంటుంది, అందులో చక్కెర కాక ఇతర పదార్థాలూ ఉంటాయి. కాబట్టి 230 దాటగానే మంట తగ్గించి, పళ్లెంలో చల్లని నీళ్లు పోసి పక్కన పెట్టుకో. చుక్క వేసి చూడు. నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. వేలితో దగ్గరకు తీస్తే ఉండ కట్టి, నొక్కితే మెత్తగా అణిగితే దించేసి పిండి కలుపు. గట్టిపడి పళ్లేనికి తగిలి చప్పుడు చేస్తే ముదిరిపోయింది. చుక్క మెత్తని ఉండ కట్టినప్పుడు అంకె ఎంతుందో రాసి పెట్టుకో. ఆ బెల్లం ఉన్నన్నాళ్లూ నీకు అదే గుర్తు.

మీ అక్కకు ఆ అంకె పనికిరాదు. డెన్వర్ సముద్రమట్టానికి సుమారు 1600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 203 ఫారన్‌హీట్ దగ్గరే మరిగిపోతాయి. ఆవిడ 240 దాకా ఆగితే పాకం ముదిరిపోతుంది. ముందు ఉత్త నీళ్లు మరిగించి, థర్మామీటరు ఎంత చూపిస్తుందో చూడమను. మెత్తని ఉండకు గరిష్ఠంగా చెప్పిన 240కీ 212కీ తేడా 28. ఆ తేడాను మరిగే నీటి అంకెకు కలుపుకోవాలి. ఆవిడకు 203కు 28 కలిపితే 231. ఆవిడ దగ్గర సెల్సియస్ థర్మామీటరు ఉంటే ఈ 28 సుమారు 15.5 అవుతుంది. విజయవాడ ఉపసంపాదకుడికి చెప్పిన మాటే ఇక్కడా, తేడా కాబట్టి 32 తీయకూడదు. నీళ్లు మరిగే 95కు 15.5 కలిపితే 110.5 దగ్గర దించమను.

నువ్వు కూడా కొత్త థర్మామీటరును ఒకసారి మరిగే నీళ్లలో పెట్టి చూడు, మొన అడుగుకు తగలకుండా. డాలస్‌లో దాదాపు 212 చూపించాలి. 206 చూపిస్తే అది ఆరు డిగ్రీలు తక్కువ చెబుతోందన్నమాట. రెండుసార్లు పాకం చెడడానికి కారణం నీ చెయ్యి కాకపోవచ్చు, ఈసారి ముందు అది చూసి మొదలుపెట్టు.